పరలోకంలో మన ఇష్టం మనదేనా?

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. నేను సండే స్కూల్ టీచర్‌ని. ఈమధ్య ఇంటర్ చదివే పిల్లాడొకడు క్లాసులో లేచి, "మేడమ్, పరలోకంలో మనకు స్వేచ్ఛ ఉంటుందా? ఉంటే అక్కడ కూడా ఎవరో ఒకరు పాపం చేస్తారు, లేకపోతే మనమంతా రోబోలమే కదా" అని అడిగాడు. దేవుని సంగతులు మనకు పూర్తిగా అర్థం కావులే నాయనా అని కూర్చోబెట్టాను గానీ, అప్పటినుంచి నాకే టెన్షన్‌గా ఉంది. ఏం చెప్పమంటారు?
– ఒక సోదరి, ప్రొద్దుటూరు

జవాబు: అమ్మా, ముందు ఆ అబ్బాయిని పిలిచి మంచి ప్రశ్న అడిగావని చెప్పండి. సంఘంలో పెద్ద పెద్దవాళ్లు కుస్తీ పట్టిన ప్రశ్న అది. మూడో శతాబ్దంలో ఓరిగెను అనే పండితుడు, స్వేచ్ఛ ఉన్నంతకాలం ఆత్మలు మళ్లీ జారిపడే వీలుంటుందని అనుకున్నాడు. సంఘం దాన్ని ఒప్పుకోలేదు. ఎప్పుడు పడిపోతానో అన్న భయం వెంట ఉంటే అది పరలోకం ఎలా అవుతుంది? బైబిల్ చివరి పుస్తకం ప్రకటన 21లో కన్నీళ్లు ఉండవు, మరణం ఉండదు, నిషిద్ధమైనదేదీ ఆ పట్టణంలో అడుగుపెట్టదు అని రాసి ఉంది. కాబట్టి అక్కడ పాపం ఉండదన్నది ఖాయం. ఇక మిగిలింది రోబో సంగతి.

దీనికి తొలి శతాబ్దాల సంఘంలో బిషప్పుగా ఉన్న అగస్టీను ఇచ్చిన జవాబుకు మించింది నాకు కనబడలేదు. 410లో రోము నగరం దోపిడీ అయ్యాక ఆయన రాయడం మొదలుపెట్టి 426 ప్రాంతంలో ముగించిన 'దేవుని నగరం' గ్రంథంలో చిట్టచివర ఈ మాట వస్తుంది. ఆదాముకు దేవుడిచ్చింది పాపం చేయకుండా ఉండగల స్వేచ్ఛ, అంటే చేసే వీలు కూడా ఉంది, చేశాడు. పరలోకంలో ఇచ్చేది పాపం చేయలేని స్వేచ్ఛ, అది మొదటిదానికంటే పెద్దది అంటాడు. దేవుడు పాపం చేయలేడు కదా, అలాగని ఆయనకు స్వేచ్ఛ లేదంటామా అని అడుగుతాడు. దేవుడు అబద్ధమాడలేడని హెబ్రీ పత్రిక 6వ అధ్యాయంలో చదువుతాం, దాన్ని దేవునికి లోటని ఎవరూ అనుకోం.

పిల్లలకు ఇది ఇట్లా చెబితే తలకెక్కదు, మీ చర్చిలోనే చూపించండి. కోతపండుగ రోజు సాయంత్రం వేలంపాట అయిపోయాక ట్రెజరర్ బల్ల దగ్గర కూర్చుంటాడు. బుడ్డల మూటకు ఇంత, నాటుకోడికి ఇంత, గుమ్మడికాయకు ఇంత అని చీటీలు, నలిగిన పది రూపాయల నోట్లు, బిళ్లలు, అంతా ఆయన ముందే పోసి ఉంటుంది. కొంతమంది చీటీ కూడా అడగరు. అందులోంచి ఒక ఐదొందలు తీస్తే దేవుడు తప్ప చూసేవాడు లేడు. అయినా ముప్పై ఏళ్లు లెక్క రాసిన పెద్దాయనకు ఆ ఆలోచనే రాదు. చెయ్యి కట్టేసినందుకా? కాదే! ఆయన్ను ఎవరైనా రోబో అంటే ఊరంతా కొట్టొస్తుంది. అదే బల్ల దగ్గర ఇంకొకడు కూర్చుని, తీద్దామా వద్దా అని లోపల్లోపల నలిగిపోతూ చివరికి తీయకుండా లేచాడనుకోండి, వాడూ మంచి పనే చేశాడు, దేవుడు దాన్నీ చూస్తాడు, కానీ ఆ ఇద్దరిలో ఎవరికి స్వేచ్ఛ ఎక్కువ ఉందో పిల్లలనే అడగండి. ఠక్కున చెబుతారు.

మరి ఎంచుకోవడానికి అక్కడేమీ మిగలదా అంటే, బోలెడు మిగులుతుంది. మంచికీ మంచికీ మధ్య ఎంచుకోవడం కూడా ఎంచుకోవడమే. ఏ పాట పాడాలి, ఎవరి పక్కన కూర్చోవాలి, ఏ పని చేయాలి అన్నదాంట్లో పాపమేముంది?

ఆ అబ్బాయి తెలివైనవాడు, వెంటనే రెండు ప్రశ్నలు వేస్తాడు, సిద్ధంగా ఉండండి. ఒకటి, దేవదూతల్లోనే కొందరు దేవునికి ఎదురుతిరిగి పడిపోయారు కదా, మనమెంత అని. థామస్ అక్వినాస్ అనే వేదాంత పండితుడు 13వ శతాబ్దంలో దీనికి జవాబిచ్చాడు: పడిపోయిన దూతలు దేవుణ్ణి ముఖాముఖిగా చూసే ఆ పూర్తి ఆనందంలోకి ఇంకా రాకముందే పడిపోయారు, ఆయన్ను ఉన్నవాడున్నట్టు చూసినవాళ్లకు ఇక తిరిగిపోవాలనిపించదు. 1 యోహాను 3:2 కూడా ఇదే చెబుతోంది, ఆయనను చూస్తాం గనుక ఆయనలా ఉంటాం అని.

రెండోది కష్టం. అలాంటప్పుడు మొదటే మనల్ని అలా పుట్టించి ఉంటే ఇన్ని కన్నీళ్లు ఉండేవి కాదు కదా? ఇక్కడ బతికే బతుకులోనే మనం దేవునికి అవునని చెప్పడం నేర్చుకుంటాం, ఆ మాట మన నోటినుంచి రావాలని ఆయన కోరిక, అన్నది నేను నమ్మే జవాబు. అయితే పొత్తిళ్లలోనే బిడ్డను పోగొట్టుకున్న తల్లి ముందు ఈ జవాబు సరిపోదు. ఆ బిడ్డ ఎప్పుడు నేర్చుకుంది, ఎప్పుడు అవునంది? అందుకే యోహాను మాటనే గట్టిగా పట్టుకుంటాను. మనల్ని పూర్తిచేసేది ఆయన దర్శనం, మన సాధన కాదు. ఎనభై ఏళ్లు బతికిన విశ్వాసిని కూడా చివరికి ఆయనే పూర్తిచేయాలి, ఆ బిడ్డనూ ఆయనే చేస్తాడు. క్లాసులో అలాంటి తల్లి బిడ్డలెవరైనా ఉంటారేమో చూసుకుని మాట్లాడండమ్మా.

ప్రశ్న: మా వీధిలో కేథలిక్కులు నవంబర్ 2న సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగించి చనిపోయినవాళ్ల కోసం ప్రార్థిస్తారు. అంటే చనిపోయాక కూడా మనసు మార్చుకోవచ్చనా?
– ఒక పాఠకుడు, ఆదోని

జవాబు: కాదు బ్రదర్. కేథలిక్ బోధలో కూడా చనిపోయాక పరలోకం చేరేముందు ఒక శుద్ధి ఉంటుందంటారు, అది దేవునితో స్నేహంలో చనిపోయినవాళ్లకే, దేవుణ్ణి కాదన్నవాళ్లకు రెండో అవకాశమని వాళ్లూ చెప్పరు. మన ప్రొటెస్టెంటు సంఘాలు ఆ శుద్ధినే ఒప్పుకోవు, కానీ ఆ సంగతి పెట్టుకుని పక్కింటివాళ్లతో సమాధుల దగ్గర వాదన వద్దు.

మనసు మారడం గురించి అడిగారు కాబట్టి లూకా 16 మళ్లీ నిదానంగా చదవండి. అక్కడ యేసు చెప్పిన కథలో, తన గుమ్మం ముందు పడి ఉన్న లాజరు అనే పేదవాణ్ణి పట్టించుకోని ధనవంతుడు చనిపోయాక వేదనలో ఉన్నాడు, నీళ్లు అడిగాడు, తన ఐదుగురు అన్నదమ్ములను హెచ్చరించమన్నాడు. లాజరుకు అన్యాయం చేశానన్న మాట ఒక్కటి కూడా అనలేదు. పైగా 'లాజరును పంపు' అని రెండుసార్లు అడిగాడు, ఇంకా తన పనివాడన్నట్టే.