పాకం గొడవ లేని ఖర్జూరం ఉండలు

పోయిన నెల ఇదే పేజీలో ఖర్జూరం, పప్పులు కలిపి చేసుకునే ఉండల గురించి నాలుగు ముక్కలు రాశాను. పాకం అక్కర్లేదు, ఓవెన్ అక్కర్లేదు, పది నిమిషాల పని అన్నాను. ఆ ‘పది నిమిషాలు’ అన్న మాటకే చాలామంది నన్ను కడిగేశారు. సరే, తప్పు నాదే, చెప్పాల్సినవి కొన్ని మింగేశాను. ఈసారి చెప్పేస్తాను.

ప్రశ్న: మీరు చెప్పినట్టే ఖర్జూరం పావుకిలో, బాదం, జీడిపప్పు కలిపి ఇంకో పావుకిలో తీసుకున్నాను. ఉండ కట్టబోతే పొడిపొడిగా రాలిపోయింది. రెండు చెంచాల పాలు చల్లితే ఉండ వచ్చింది గానీ మూడో రోజుకి వాసన వేసింది. నాలుగొందలు నేలపాలు. ఎక్కడ తప్పు చేశాను? (ఒక గృహిణి, కరీంనగర్)

పాలు చల్లడం దగ్గరండీ. కాకపోతే అంతకు ముందే, కొట్లో ఖర్జూరం కొనేటప్పుడే సగం తప్పు జరిగిపోయింది. మామూలు ఉండల్లో బెల్లం పాకం చేసే పని వీటిలో ఖర్జూరం గుజ్జు చేస్తుంది. అందులోని చక్కెర, కాస్త తడి కలిసి జిగురవుతుంది, పప్పుల్లోంచి ఊరే నూనె దాన్ని మెత్తబరుస్తుంది. ఖర్జూరమే ఎండిపోయి ఉంటే ఇక జిగురెక్కడిది? కిమియా పేరుతో పెట్టెల్లో నల్లగా నిగనిగలాడుతూ వచ్చే ఇరాన్ రకం, లావుపాటి మెడ్జూల్ రకం చేత్తో నలిపితేనే ముద్దవుతాయి. ప్యాకెట్లో ఇటుకలా అదిమిపెట్టిన గింజ తీసిన ఖర్జూరం వాటికంటే చవక, నేను ఎక్కువగా వాడేది అదే, కానీ కొనేముందు ప్యాకెట్ మీద వేలితో నొక్కి చూడండి, లొత్త పడాలి. రాయిలా ఉండే ఎండు ఖర్జూరం మాత్రం దీనికి పనికిరాదు.

ఇప్పటికే గట్టివి కొనేశారా? నానబెట్టొద్దు. మూకుడులో చెంచా నెయ్యి వేసి, సన్నగా తరిగిన ఖర్జూరాన్ని సన్న సెగ మీద గరిటెతో నొక్కుతూ ఉంటే నాలుగైదు నిమిషాల్లో ముద్దలా దగ్గరపడుతుంది. పాలు, నీళ్లు కలిపితే మాత్రం ఉండ నిలవుండదు. ఈ పాఠం నేనూ డబ్బు పోసే నేర్చుకున్నాను. ఒకసారి తొందరపడి ఖర్జూరాలు వేడినీళ్లలో నానబెట్టి, మెత్తగా రుబ్బి, బెంగళూరు హాస్టల్లో ఉన్న మా అబ్బాయికి డబ్బా నిండా చేసి పంపాను. ఐదో రోజు వాడు ఫొటో పెట్టి ‘అమ్మా, పైన కొబ్బరి చల్లావా?’ అని అడిగాడు. అది కొబ్బరి కాదు, బూజు.

ఇక పప్పులు. పచ్చివి వేస్తే ఉండ చప్పగా ఉంటుంది, వేయించండి, కానీ అన్నీ ఒకేసారి మూకుట్లో పోయొద్దు. బాదం లోపలిదాకా వేగేలోపు జీడిపప్పు మాడి కూర్చుంటుంది. వేయించినవి పూర్తిగా చల్లారాకే మిక్సీలో వేయాలి, వేడిమీద తిప్పితే నూనె ఓడి పేస్టు అయిపోతుంది. ఆపి ఆపి తిప్పుతూ, బొంబాయి రవ్వ కంటే ముతకగా, పంటికింద పలుకు తగిలేలా ఆపేయండి. ఖర్జూరంతో కలిపాక గుప్పిట్లోకి తీసుకుని గట్టిగా నొక్కి తెరవండి, వేళ్ల గుర్తులు అలాగే నిలిస్తే ఉండ కట్టొచ్చు. రాలుతుంటే ఇంకో మూడు ఖర్జూరాలు కలపండి, మరీ నూనెగా ఉంటే వేయించిన ఎండుకొబ్బరి పొడి ఒక చెంచా. తడి చెయ్యి తగలకపోతే బయట వారం, ఫ్రిజ్‌లో మూడు వారాలు హాయిగా ఉంటాయి.

ప్రశ్న: మా అమ్మకి షుగర్. పంచదార వెయ్యలేదు కదా అని ఈ ఉండలు రోజుకి మూడు తింటోంది. పర్వాలేదా? (విశాఖపట్నం)

పంచదార వెయ్యలేదంటే చక్కెర లేదని కాదండీ. 100 గ్రాముల ఖర్జూరంలో 60 గ్రాములకు పైగా చక్కెరే. చిన్న లెక్క చూద్దాం. 100 గ్రాముల ఖర్జూరానికి దాదాపు 280 కేలరీలు, 100 గ్రాముల బాదానికి 580 దాకా. రెండూ కలిపి 25 గ్రాముల ఉండలు ఎనిమిది చేస్తే ఒక్కోదానికి నూరు కేలరీలు దాటుతాయి, చక్కెర రెండు చెంచాలు పడుతుంది. అంటే మీ అమ్మగారు రోజూ ఆరు చెంచాల చక్కెర తింటున్నట్టే. బాదంలోని కొవ్వు, పీచు వల్ల అది నెమ్మదిగా ఎక్కుతుందన్న మాట నిజమే, ఎక్కకుండా మాత్రం ఉండదు. ఆవిడ డాక్టరుని అడిగి, ఆయన సరేనంటే ఉసిరికాయంత చేసి ఒక్కటి ఇవ్వండి. కిడ్నీ సమస్య కూడా ఉంటే అసలు అడగకుండా పెట్టొద్దు, ఖర్జూరంలోనూ పప్పుల్లోనూ పొటాషియం ఎక్కువ.

ప్రశ్న: అమీర్‌పేట హాస్టల్లో ఉండి పోటీ పరీక్షలకు చదువుతున్నాను. స్టవ్ లేదు, మిక్సీ లేదు, బాదం కొనేంత డబ్బూ లేదు. నాకేమైనా దారుందా? (ఒక పాఠకుడు)

నీకే అసలు దారి ఉంది తమ్ముడూ. నాగుల చవితికి నువ్వులు, బెల్లం రోట్లో వేసి దంచి చేసే చిమ్మిలి తిన్నావా ఎప్పుడైనా? దానికి పొయ్యి వెలిగించే పనే లేదు. ఈ ఉండల పద్ధతి కొత్తగా కనిపెట్టిందేమీ కాదు, రోలు పోయి మిక్సీ వచ్చింది, బెల్లం పోయి ఖర్జూరం వచ్చింది, అంతే. నువ్వు వేయించిన పల్లీలు, పుట్నాల పప్పు కొనుక్కో. పల్లీల పొట్టు నలిపి ఊదేసి, మందపాటి కవర్లో పోసి, స్టీలు గ్లాసు అడుగుతో నలగ్గొట్టు (పక్క రూమువాడు గోడ బాదితే వాడికో ఉండ ఇవ్వు). మెత్తటి ఖర్జూరం గింజ తీసి చేత్తో పిసికి అందులో కలిపెయ్. మాంసకృత్తుల లెక్కలో పల్లీలు బాదానికి తీసిపోవు, నిజానికి కాస్త ఎక్కువే. ఒక్క జాగ్రత్త, ముడుచుకుపోయినవి, రంగు మారినవి, చేదుగా ఉన్నవి ఏరి పారెయ్. పల్లీలకు పట్టే బూజులో విషం ఉంటుంది, వేయించినా పూర్తిగా పోదు.

ప్రశ్న: మా పాపకి రెండేళ్లు. పెట్టొచ్చా? (డాలస్, అమెరికా)

ఉండలా చేతికివ్వొద్దు, గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉంది. పప్పులు పలుకు లేకుండా మెత్తగా పొడి చేసి, పల్చగా ఒత్తి, చిన్న చిన్న ముక్కలుగా పెట్టండి, తింటున్నంతసేపూ పక్కనే ఉండండి. ఏ పప్పయినా మొదటిసారి కొద్దిగా, విడిగా పెట్టి చూడండి, దద్దుర్లు, వాంతులు ఏమైనా వస్తే ఇక ఆపేసి డాక్టరుకి చూపించండి, ఊపిరి కష్టమైతే క్షణం ఆగొద్దు. రేపు బడికి పంపేటప్పుడు అక్కడి రూలు కనుక్కోండి, మీ వైపు చాలా బడుల్లో పల్లీలు తేనివ్వరు.

ప్రశ్న: అవిసె గింజలు మంచివని గుప్పెడు అలాగే వేశాను. సరేనా? (నెల్లూరు)

అలాగే వేస్తే చాలావరకు అలాగే వెళ్లిపోతాయి. వేయించి, పొడి కొట్టి కలపండి. ఆ పొడి ఒకేసారి ఎక్కువ చేసి దాచొద్దు, పాత నూనె వాసన పట్టేస్తుంది.