టోలుయిన్ పట్టేటప్పుడు ఎర్త్ వైరు ఎందుకు?

డ్రమ్ములోంచి బకెట్‌లోకి టోలుయిన్ (రంగుల్లో వాడే, తేలిగ్గా మండే సాల్వెంట్, అంటే ద్రావకం) పట్టేటప్పుడు, చుట్టుపక్కల నిప్పే లేనప్పుడు ఎర్త్ వైరు ఎందుకని అడిగారు. తప్పకుండా కావాలి. నేను చాలా ఏళ్లు రంగుల తయారీ యూనిట్‌లో సాల్వెంట్ స్టోరు చూసుకున్నాను. నిప్పు బయటినుంచే రానక్కరలేదని అక్కడ కళ్లారా చూశాను.

ఆ రోజు స్టీలు బకెట్లన్నీ కడగడానికి వెళ్లాయి. మా కుర్రాడొకడు ఇనుప పిడి ఉన్న ప్లాస్టిక్ బకెట్ తెచ్చి కుళాయి కింద పెట్టాడు. అది సగం నిండిందో లేదో, పిడికీ కుళాయికీ మధ్య టిక్కుమని చిన్న చప్పుడు వినిపించింది. మరుక్షణం బకెట్ మూతి మీద పసుపు మంట, దాని పైన నల్లటి పొగ. కుళాయి స్ప్రింగుది కావడంతో అతను చెయ్యి తీయగానే మూసుకుంది. మంటలార్పే పౌడర్ సిలిండర్ రెండడుగుల దూరంలోనే ఉంది. ముంజేయి కాలింది కానీ, ప్రాణం దక్కింది. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తే.

టోలుయిన్‌లో విద్యుత్తు సులభంగా ప్రవహించదు. గొట్టంలోంచి జారేటప్పుడు పుట్టిన స్థిర విద్యుత్తు బయటికి పోయే దారిలేక అక్కడే పోగవుతుంది. ప్లాస్టిక్ బకెట్‌కున్న పిడి నేలతో సంబంధంలేని ఇనుప ముక్క. అందులో చేరినదంతా దగ్గరలోని కుళాయి మీదికి ఒక్కసారిగా దూకుతుంది. టోలుయిన్ ఫ్లాష్ పాయింట్ (అంటుకునేంత ఆవిరి వచ్చే కనీస ఉష్ణోగ్రత) సుమారు 4 డిగ్రీల సెల్సియస్, అంటే మామూలు గది వేడిలో అంటుకునేంత ఆవిరి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. దానికి మిల్లీజౌల్‌లో నాలుగో వంతు శక్తి చాలు. మన వేలికి చురుక్కుమని తెలిసే రవ్వలో అంతకు ఎక్కువే ఉంటుంది.

అందుకే స్టీలు బకెట్ వాడండి. డ్రమ్మును ఎర్త్‌కు, బకెట్‌ను డ్రమ్ముకు వైరుతో కలపండి. కుళాయి తిప్పకముందే వైరు చివరలుండే క్లాంపులు (పట్టులు) పెట్టాలి, అది మూసిన తరువాతే తీయాలి. చాలామంది మోసపోయేది క్లాంపు దగ్గరే. మా స్టోరులోనూ వైర్లు అన్నిచోట్లా వేలాడేవి, చూడడానికి పద్ధతిగానే ఉండేది. ఆ ప్రమాదం తరువాత డ్రమ్ములన్నీ తీసేసి, గాలి బాగా ఆడనిచ్చి, మీటరుతో చూస్తే సగం క్లాంపులు పెయింటు మీదే కూర్చున్నాయి, లోహాన్ని అసలు తాకడమే లేదు. మొనదేలిన స్క్రూ ఉండే క్లాంపులు తెప్పించాక మీటరు రీడింగు (విద్యుత్తు ప్రవాహానికి ఉండే అడ్డు) 10 ఓంల లోపుకు వచ్చింది. పోసే గొట్టం చివర బకెట్ అడుగుకు తగిలేలా పెట్టి, మొదట నెమ్మదిగా వదలండి. పైనుంచి చిందితే విద్యుత్తు మరింత పుడుతుంది.

ఈ ఆవిరి గాలికన్నా మూడు రెట్లు బరువు, కాబట్టి ఎగ్జాస్టు ఫ్యాను నేలకు దగ్గరగా ఉండాలి. ఖాళీ డ్రమ్ములకు కూడా బిరడా బిగించే ఉంచండి, వాటి మీద వెల్డింగు, కటింగు చేయనివ్వకండి.

మీ స్టోరులో ప్లాస్టిక్ బకెట్లుంటే ముందు వాటిని బయటికి పంపండి. ఎంత మంచి వైరైనా ప్లాస్టిక్‌కు కడితే పనిచేయదు.