దుంప కాండం ఎలా అవుతుంది?

సందేహం: పిల్లల సైన్సు పుస్తకంలో బంగాళాదుంప కాండం అని ఉంది. భూమిలో ఊరే దుంప వేరు కదా, కాండం అంటే పైకి నిలబడే మాను కదా? పైగా రామాయణంలో కాండం అంటే భాగం. ఇవి రెండూ ఒకే మాటా, వేర్వేరా? అదే పుస్తకంలో ఇంకోచోట ప్రకాండం అని కూడా రాశారు. అది ఇంకేమిటి?

సమాధానం: మాట ఒకటే. కాండం అనగానే మాను కళ్ళముందు మెదులుతుంది, చిక్కంతా అక్కడే వచ్చిపడింది. సంస్కృతంలో ఈ మాటకున్న అర్థాల్లో ఒకటి, వెదురుకో రెల్లుకో ఒక కణుపు నుంచి ఇంకో కణుపు దాకా ఉండే ముక్క. ఆ ముక్కలన్నీ కలిసిన కాడ మొత్తమూ కాండమే, గ్రంథంలో ఒక ముక్కా కాండమే. బాలకాండ, అయోధ్యకాండ అలా వచ్చినవే. భారతంలో 18 పర్వాలు కదా, పర్వం అంటే కణుపు. భాగవతంలో 12 స్కంధాలు, స్కంధమంటే చెట్టు మాను. తైత్తిరీయోపనిషత్తులో వల్లులున్నాయి, వల్లి అంటే తీగ. ఇక వేదశాఖల సంగతి సరేసరి, ప్రభుత్వంలో ఆర్థిక శాఖ, విద్యా శాఖ అన్నా కొమ్మలే! పుస్తకానికి భాగాలు పెట్టాల్సివచ్చినప్పుడల్లా మనవాళ్ళకి చెట్టే గుర్తొచ్చినట్టుంది.

ఇప్పుడు మీ బంగాళాదుంప. కాండమా వేరా అని తేల్చడానికి వృక్షశాస్త్రం వాళ్ళు చూసేది పైన ఉందా కింద ఉందా అని కాదు, కణుపులున్నాయా లేవా అని. కణుపు దగ్గర ఆకు పుడుతుంది, ఆ ఆకు చంకలో ఒక మొగ్గ ఉంటుంది, అది పెరిగితే కొమ్మ. (పుస్తకాల్లో ఈ చోటుని గ్రీవం అంటారు, అంటే మెడ. నిజానికి చంక అంటేనే అతికినట్టుంటుంది, పుస్తకంలో ఆ మాట రాయడానికి మొహమాటపడ్డారేమో.) వేరుకి ఈ ఏర్పాటు లేదు. బంగాళాదుంప మీద గుంటలు కనిపిస్తాయి చూడండి, కళ్ళు అంటాం, ఒక్కో కన్ను ఒక్కో కణుపు. అందులో మొగ్గలుంటాయి కాబట్టే కన్ను ఉన్న ముక్క కోసి పాతితే మొక్క వస్తుంది. అల్లం కొమ్మునీ చూడండి, కణుపులు అడ్డగీతల్లా స్పష్టంగా కనిపిస్తాయి. చిలగడదుంపకి ఆ కణుపులు లేవు, అది వేరు. అంటే దుంప అనేది భూమిలో ఊరి లావెక్కిన ఆకారాన్ని చూసి జనం పెట్టుకున్న మాట, అది వేరైనా కావచ్చు, కాండమైనా కావచ్చు. రెండు మాటలకీ పేచీ ఏమీ లేదు.

కాండం పని ఆకుల్ని వెలుతురులోకి ఎత్తిపట్టడం, వేరు తాగిన నీళ్ళు పైకీ ఆకు వండిన ఆహారం కిందికీ చేరవేయడం అని చదువుకుంటాం. బంగాళాదుంప ఎత్తిపట్టే పని మానేసి దాచిపెట్టే పని పట్టుకుంది, అంతే. బ్రహ్మజెముడుదైతే ఇంకో దారి: మనం ఆకులనుకునే ఆ పచ్చటి మట్టలు కాండాలు, వెలుతురుతో ఆహారం చేసుకునే పని కూడా వాటిదే.

తిరగేసి చూస్తే కాండంలా కనిపిస్తూ కాండం కానివీ ఉన్నాయి. అరటి బోదె అలాంటిదే, అది ఒకదాన్నొకటి చుట్టుకున్న ఆకుల మట్టలు, అసలు కాండం భూమిలో ఉండి పిలకలు వేస్తుంది, గెల వేసే వేళకి బోదె మధ్యలోంచి పైకి వస్తుంది, దాన్నే దవ్వ అనీ దూట అనీ అంటాం. కాండం అనకుండా బోదె అని వేరే పేరు పెట్టి మన రైతులు మంచిపని చేశారు. వేపరెమ్మ అని మనం తుంచేది కూడా చాలాసార్లు రెమ్మ కాదు, ఒకే ఒక ఆకు! మధ్యలో ఉన్నది ఈనె, అటూ ఇటూ ఉన్నవి ఆ ఆకు తాలూకు రేకులు. అనుమానముంటే చంకలు వెతకండి, ఆ చిన్న రేకుల మొదట్లో మొగ్గ దొరకదు, మొత్తం ఈనె కొమ్మని అంటుకున్న చోట దొరుకుతుంది.

ప్రకాండం సంగతి కాస్త వేరు. అమరకోశం ప్రకారం ప్రకాండమంటే చెట్టు మొదలు నుంచి కొమ్మలు మొదలయ్యేదాకా ఉన్న మాను, స్కంధానికి మారుపేరు. మన సైన్సు పుస్తకాలు దాన్ని కాండం, కొమ్మలు, ఆకులు, పూలు అన్నీ కలిపిన పైభాగం మొత్తానికి వాడుకున్నాయి, వేరు వ్యవస్థకి జోడీగా ప్రకాండ వ్యవస్థ అన్నమాట. పాత అర్థం మారింది, కానీ పరిభాషలో ఇలాంటివి మామూలే, పరీక్షలో అలాగే రాయమనండి. ఇదే మాటకి శ్రేష్ఠం అన్న అర్థం కూడా అమరకోశంలోనే ఉంది. సంస్కృతంలో అది సమాసం చివర వస్తుంది, పండితప్రకాండం అని. మనం దాన్ని ముందుకి లాక్కొచ్చి ప్రకాండ పండితుడు అంటున్నాం. వ్యాకరణం పట్టుకుని కూర్చునేవాళ్ళు ఒప్పుకోరు గానీ ఇంతగా అలవాటైపోయాక నేనైతే తప్పుపట్టను.