ఆఫీసులో పాలు పిండి పారబోస్తున్నా.. ఉద్యోగం మానెయ్యాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది గుంటూరు. విజయవాడలో ఒక బట్టల షోరూమ్‌లో అకౌంట్స్ చూస్తాను. 60 మందిమి పనిచేస్తాం. కాన్పుకి ముందే ఆరు వారాలు సెలవు వాడుకోవడంతో బాబుకి అయిదో నెల రాగానే డ్యూటీలో చేరాల్సి వచ్చింది. పొద్దున 8కి బస్సెక్కితే ఇంటికి చేరేసరికి రాత్రి 7:30. మధ్యాహ్నానికే రొమ్ములు రాయిలా అయిపోతాయి. కడుపునొప్పని చెప్పి బాత్‌రూమ్‌కి వెళ్లి, పిండి పారబోస్తున్నాను. అదీ 30 మి.లీ. కూడా ఉండదు. మొన్న బస్సులో ఎవరి బిడ్డో ఏడిస్తే నా జాకెట్టు తడిసిపోయింది, సిగ్గుతో చచ్చిపోయాను. ఎండన పడి వచ్చావు, నిలవ పాలు పట్టొద్దని అత్తయ్య అంటారు. నీకు పాలు తగ్గాయి, డబ్బా పాలు మొదలుపెడదామనీ అంటున్నారు. బాబు కూడా ఆవిడకే అలవాటు పడ్డాడు. రాత్రిళ్లు ఏడుపొస్తోంది. ఉద్యోగం మానెయ్యమంటారా?
- ఒక సోదరి, గుంటూరు

జవాబు: అమ్మా, ముందు ఆ బస్సు సంగతి చెబుతాను. బిడ్డ ఏడుపు వినగానే తల్లి మెదడు నుంచి ఆక్సిటోసిన్ అనే హార్మోన్ విడుదలవుతుంది. రొమ్ములోని పాలను బయటికి నెట్టేది అదే. ఏడ్చింది ఎవరి బిడ్డ అని అది చూడదు. పాలు లేని తల్లికి జాకెట్టు తడవదు. కాబట్టి మీకు పాలు తగ్గాయన్న మాటను నేను ఒప్పుకోలేను.

మరి ఆఫీసులో 30 మి.లీ. కూడా ఎందుకు రావడం లేదంటే, అదే హార్మోన్‌ను భయం, కంగారు అడ్డుకుంటాయి. ఎవరైనా తలుపు కొడతారేమో అని బాత్‌రూమ్‌లో నిలబడి పిండుకుంటుంటే రొమ్ములో పాలున్నా దిగవు. పైగా రొమ్ము గంటల తరబడి నిండి ఉంటే, ఇక చాలన్న సంకేతం అంది తయారీ నెమ్మదిస్తుంది. రోజూ ఇలాగే జరిగితే పాలు నిజంగానే తగ్గుతాయి. మీకు ఇప్పుడు కావలసింది మందులూ పౌడర్లూ కాదు, గడియ ఉన్న ఒక గది, కాస్త సమయం.

గది మీ షోరూమ్‌లోనే ఉంది. ట్రయల్ రూమ్‌లో ఒక కుర్చీ వేసుకుంటే చాలు. ఇక సమయం. బిడ్డకు 15 నెలలు నిండే వరకు, మామూలు విశ్రాంతి సమయం కాకుండా, రోజుకు రెండు పాల విరామాలు ఇవ్వాలని 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టంలోనే ఉండేది. వాటి కోసం జీతం కోయకూడదని కూడా ఉండేది. దాని స్థానంలో వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఈ హక్కులు కొనసాగాయి. 50 మంది, అంతకు మించి పనిచేసేచోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలన్నది 2017 సవరణ. బిడ్డ గుంటూరులో ఉంటే అది మీకు అక్కరకు రాదు, కానీ మీ తర్వాత కాన్పుకి వెళ్లే అమ్మాయికి పనికొస్తుంది, అడిగి ఉంచండి.

కడుపునొప్పని చెప్పడం ఈరోజుతో మానేయండి. మేనేజర్ మగవారైతే నోటితో చెప్పడం కష్టమే, కాగితం మీద రాసివ్వండి: 'నాకు అయిదు నెలల బిడ్డ ఉన్నాడు. చట్టప్రకారం ఉన్న రెండు విరామాలను 11 గంటలకు, సాయంత్రం 5 గంటలకు వాడుకుంటాను. ఆ సమయంలో ట్రయల్ రూమ్ ఇప్పించగలరు.' ఇంతకు మించి వివరణ అక్కర్లేదు. మధ్యాహ్నం భోజన సమయం ఎలాగూ ఉంది. ఆ మూడు సార్లూ తీస్తే మూడు, మూడున్నర గంటలకొకసారి తీసినట్టవుతుంది.

పంపు లేకపోయినా పరవాలేదు, చేత్తో బాగానే వస్తాయి. చేతులు సబ్బుతో కడుక్కుని, గోరువెచ్చని తడిబట్ట కాసేపు రొమ్ము మీద వేసుకోండి. చనుమొన చుట్టూ ఉండే నల్లటి వలయం అంచున పైన బొటనవేలు, కింద చూపుడువేలు ఉంచి, ముందు ఛాతీ వైపు నొక్కి, తర్వాత రెండు వేళ్లనూ దగ్గరకు తెచ్చి వదలండి. చనుమొనను లాగొద్దు. ఫోన్‌లో బాబు వీడియో పెట్టుకోండి. ఇది ఊరికే ఓదార్పుకి చెప్పడం లేదు, బస్సులో ఏడుపు చేసిన పనే ఈ వీడియో కూడా చేస్తుంది. మొదటి వారం తక్కువ వచ్చినా కంగారు పడొద్దు. ఇంటి దగ్గర నేరుగా బిడ్డకు పట్టే తల్లికి ఒక విడతకు 30 నుంచి 60 మి.లీ. రావడం మామూలే. తెల్లవారుజామున బాబు తాగాక మిగిలినవి కూడా తీసి దాచండి. మీరు లేని ఆ పదకొండున్నర గంటలకు సుమారు 350 నుంచి 500 మి.లీ. ఉంటే చాలామంది పిల్లలకు సరిపోతుంది.

దయచేసి ఒక్క చుక్క కూడా పారబోయకండి. మరిగించి ఆరబెట్టిన, మూత బిగుతుగా పట్టే చిన్న డబ్బాల్లోకి తీసి, ఐస్ ప్యాకులు పెట్టిన కూలర్ బ్యాగులో వెంటనే పెట్టేయండి. అందులో 24 గంటలు ఆగుతాయి. ఇంటికి రాగానే ఫ్రిజ్‌లో లోపలి వైపు పెడితే నాలుగు రోజులు నిలవుంటాయి. గది వేడిమిలో 4 గంటలు ఉంటాయన్న లెక్క 25 డిగ్రీలకు సంబంధించింది, బెజవాడ ఎండల్లో దాన్ని నమ్ముకోవద్దు.

ఇక అత్తయ్యగారి మాట. ఎండన పడి వస్తే పాలు వేడి చేస్తాయని, రొమ్ములో నిలవుంటే పాడవుతాయని మన కృష్ణా, గుంటూరు ఇళ్లలో పెద్దవాళ్లు చాలామంది నమ్ముతారు. రొమ్ములో ఉన్న పాలు పాడవవు, పులవవు. ఎంత ఎండలో వచ్చినా తల్లి ఒంటి వేడి మారనట్టే పాల వేడీ మారదు. రొమ్ము బాగా నిండినప్పుడు ముందు వచ్చే పాలు పలచగా, నీళ్లలా ఉంటాయి. వాటిని చూసే ఈ అనుమానం పుట్టి ఉంటుంది. తాగేకొద్దీ వెన్న శాతం పెరిగి చిక్కబడతాయి. ఇంటికి రాగానే చెమట తుడుచుకుని, మంచినీళ్లు తాగి, బాబుకి పాలిచ్చేయండి. పిండి పారబోసే పనే లేదు.

అయినా ఆవిడతో వాదనకు దిగొద్దమ్మా. పగలంతా మీ బిడ్డను ఎత్తుకుని మోసేది ఆవిడే. పాలసీసా వద్దు, పాలు ఉగ్గుగిన్నెతో పట్టాలి, ఆ పని ఆవిడకు మనిద్దరికన్నా బాగా తెలిసి ఉంటుంది. మూడు మాటలు మాత్రం చెప్పండి. ఫ్రిజ్‌లో పాలపైన వెన్న తేరి విడిపోయినట్టు కనిపిస్తే విరిగాయని పారేయొద్దు, నెమ్మదిగా తిప్పితే కలుస్తాయి. పొయ్యి మీద కాచొద్దు, వేడినీళ్ల గిన్నెలో డబ్బా ఉంచితే చాలు. ఒకసారి పట్టగా మిగిలినవి రెండు గంటలు దాటితే వాడకూడదు.

బాబు ఆవిడకు అలవాటు పడటం మీకు గుచ్చుకుంటోంది, అర్థమైంది. కానీ మీ చెంత లేనప్పుడు వాడు భయపడకుండా ఉంటున్నాడంటే మంచి చేతుల్లో ఉన్నాడనే కదా. ఈ వయసు పిల్లలకు తల్లి వాసన, గొంతు బాగా తెలుసు. రాత్రి పక్కలో వేసుకుని అడిగినప్పుడల్లా ఇవ్వండి, పాలు తయారుచేసే ప్రొలాక్టిన్ రాత్రి వేళే ఎక్కువ. అంట్లు, మర్నాటి డబ్బాలు మరిగించే పని మీ వారికి అప్పజెప్పండి.

రాత్రి ఏడుపును మాత్రం నేను తేలిగ్గా తీసుకోను. బిడ్డ పడుకున్నా మీకు నిద్ర పట్టకపోవడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలకు మించి ఉంటే అది కాన్పు తర్వాతి డిప్రెషన్ కావచ్చు. పాలిస్తూనే వాడగల మందులున్నాయి. హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు ఈ వారమే చేయించుకోండి. మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు. చచ్చిపోవాలని గానీ, బిడ్డను ఏమైనా చేస్తానేమో అని గానీ అనిపిస్తే ఒక్క గంట కూడా ఆగకుండా ఇంట్లో చెప్పి ఆసుపత్రికి వెళ్లండి. రొమ్ము ఒకచోట ఎర్రబడి, గడ్డకట్టి, జ్వరం వస్తే ఆరోజే డాక్టరుకు చూపించండి, అప్పుడు కూడా పాలు ఆపకూడదు.

బాబు రోజుకు ఆరుసార్లయినా మూత్రం పోస్తూ, బరువు పెరుగుతుంటే డబ్బా పాలతో పనిలేదు. బరువు ఆగితే అప్పుడు డాక్టరు చెప్పిన కొలతలో పట్టొచ్చు, అందులో తప్పేమీ లేదు. ఆరు నెలలు నిండగానే మెత్తటి పప్పన్నం మొదలవుతుంది, పగటి పాల అవసరం మెల్లగా తగ్గుతుంది. అప్పుడు ఆఫీసులో రెండుసార్లు తీస్తే సరిపోవచ్చు. ఇల్లు గడవడానికి ఆ జీతం కావాలో లేదో, ఆ పని మీకు ఇష్టమో కాదో మీరే చూసుకోవాలి. పాల కోసమైతే మాత్రం రాజీనామా అక్కర్లేదు. ముందు ఆ కాగితం రాసివ్వండి.

- పిల్లల వైద్య నిపుణురాలు, విజయవాడ