పాత బిట్‌కాయిన్ వాలెట్ దొరికింది, పాస్‌వర్డ్ గుర్తులేదు. డబ్బు తిరిగొస్తుందా?

పాత ల్యాప్‌టాప్‌లో 2013 నాటి ‘wallet.dat’ అనే బిట్‌కాయిన్ వాలెట్ ఫైల్ దొరికింది, పాస్‌వర్డ్ గుర్తు రావట్లేదు, ముందే ఫీజు కడితే తెరిచిస్తానని ఒకతను మెసేజ్ పెట్టాడు, ఇవ్వొచ్చా అని కదా మీ ప్రశ్న. ఫీజూ ఇవ్వకండి, ఫైలూ ఇవ్వకండి. నాదీ అలాంటి వాలెట్టే, బిట్‌కాయిన్ కోర్ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్‌ది. బయటివాళ్ల చేతికి వెళ్లకుండానే తెరుచుకుంది.

ముందు ఆ ఫైల్‌ని రెండు మూడు పెన్‌డ్రైవ్‌లలోకి కాపీ చేయండి. ఇక ఏం చేసినా కాపీ మీదే.

తర్వాత అసలు అందులో ఏమైనా ఉందో లేదో చూసుకోండి. దీనికి పాస్‌వర్డ్ అక్కర్లేదు. ఈ వాలెట్‌లో తాళం పడేది ప్రైవేట్ కీలకే, అంటే డబ్బు కదపడానికి కావాల్సిన రహస్య కోడ్‌లకే. అడ్రస్‌లు, పాత లావాదేవీలు మామూలుగానే కనిపిస్తాయి. బిట్‌కాయిన్ కోర్ సరికొత్త వెర్షన్ ఈ పాతరకం ఫైల్‌ని నేరుగా తెరవదు, కాబట్టి అధికారిక సైట్ నుంచే కొంచెం పాత వెర్షన్ దించుకోండి. అడ్రస్‌ని బ్లాక్ ఎక్స్‌ప్లోరర్‌లో (బిట్‌కాయిన్ లావాదేవీలన్నీ చూపించే వెబ్‌సైట్) వెతికితే బ్యాలెన్స్ తెలుస్తుంది. సున్నా అని చూపించిందని నీరుగారిపోకండి. అప్పట్లో ఎవరికైనా కొంత పంపి ఉంటే, మిగిలిన చిల్లర ఇదే వాలెట్‌లోని మరో అడ్రస్‌కి వెళ్లి ఉండొచ్చు. ఆ లావాదేవీ తెరిచి చూడండి.

ఇక పాస్‌వర్డ్. బీటీసీరికవర్ అనే ఉచిత టూల్ ఉంది. మీకు గుర్తున్న ముక్కలు రాసిస్తే వాటిని రకరకాలుగా కలిపి పరీక్షిస్తుంది. కానీ ఈ వాలెట్ ప్రతి ఊహనూ కావాలనే వేల సార్లు హాష్ చేయిస్తుంది, అంటే ఒకే లెక్కని మళ్లీ మళ్లీ వేయిస్తుంది, అందుకే వేగం తక్కువ. ఏమీ గుర్తులేకుండా గుడ్డిగా నడిపితే పొడవాటి పాస్‌వర్డ్ దొరకదు. అందుకని కంప్యూటర్ కన్నా మీ అలవాట్ల మీదే ఎక్కువ టైమ్ పెట్టండి. ఆ రోజుల్లో మెయిల్‌కి, మిగతా సైట్లకి ఏం వాడేవారు? పాత బ్రౌజర్‌లో సేవ్ అయినవి ఏమైనా ఉన్నాయా? మొదటి అక్షరం పెద్దది పెట్టేవారా, చివర సంవత్సరం చేర్చేవారా? తెలుగు మాటని ఇంగ్లిష్ అక్షరాల్లో రాసే అలవాటుంటే ఇంకో చిక్కు: దీర్ఘానికి ‘ఏ’ ఒకటా రెండా, ‘త’ పక్కన ‘హెచ్’ ఉందా లేదా. నా విషయంలో జరిగింది ఇదే. మాట గుర్తుంది, దాన్ని రాసిన తీరే వేరు. ఈ తేడాలన్నీ లిస్టులో చేర్చాకే తెరుచుకుంది. ఇదంతా నెట్ కనెక్షన్ తీసేసిన కంప్యూటర్‌లో చేయండి, లేకపోతే ఆ టెన్షన్ వేరు.

మీ కంప్యూటర్ శక్తి చాలక ఎవరి సాయమైనా తీసుకోవాల్సి వస్తే ఫైల్ మొత్తం పంపొద్దు. అదే టూల్‌తో ఎన్‌క్రిప్ట్ అయిన మాస్టర్ కీని (ప్రైవేట్ కీల తాళం తీసే కీ, దానికీ మీ పాస్‌వర్డ్‌తోనే తాళం ఉంటుంది) మాత్రం విడిగా తీయొచ్చు. దానితో పాస్‌వర్డ్ కనుక్కోగలరు గానీ, ఫైల్ మీ దగ్గరే ఉంటుంది కాబట్టి డబ్బు కదపలేరు. ముందే డబ్బు అడిగేవాళ్లు సాధారణంగా ఈ పద్ధతికి ఒప్పుకోరు, వాళ్ల సంగతి అక్కడే తేలిపోతుంది.

తెరుచుకున్నాక మొత్తాన్ని కొత్త వాలెట్‌లోకి పంపేయండి. 2017 ఆగస్టు 1కి ముందు నుంచీ కదలని బిట్‌కాయిన్ అయితే అంతే సంఖ్యలో బిట్‌కాయిన్ క్యాష్ (ఆ రోజు బిట్‌కాయిన్ నుంచి విడిపోయిన వేరే కరెన్సీ) కూడా మీకు ఉంటుంది. దానికోసం పాత ప్రైవేట్ కీని వేరే వాలెట్‌లో పెట్టాల్సి వస్తుంది, బిట్‌కాయిన్ సురక్షితంగా కొత్త అడ్రస్‌కి చేరాకే ఆ పని మొదలుపెట్టండి.