కొత్త యాంటెన్నా వేసినా గరగరేనా?

ప్రశ్న: నాది 1999 మోడల్ మారుతి 800. ఎడమవైపు మడ్‌గార్డు మీదుండే యాంటెన్నా విరిగి రెండు కణుపులే మిగిలితే, బజారులో దొరికిన కొత్తది వేయించాను. విజయవాడ వైపు వెళ్తుంటే ఎఫ్‌ఎం బాగానే వస్తుంది. బాపట్ల వైపు తిరిగితే గరగర మొదలవుతుంది. ఇంట్లో చిన్న రేడియోలో ఖంగున వినిపించే విజయవాడ మీడియం వేవ్ 837 కారులో దాదాపు పట్టదు. పాత కేబుల్ పొట్టిగా ఉందని మెకానిక్ మధ్యలో టీవీ కేబుల్ ముక్క కలిపాడు. లోపం ఎక్కడ? నేనే విప్పి సరిచేసుకోవచ్చా? – తెనాలి పాఠకుడు

జవాబు: లోపం మీ ఉత్తరం చివర్లోనే ఉంది. ఆ టీవీ కేబుల్ ఒకటి. పెయింటు మీదే నట్టు బిగించి ఉంటే అది రెండోది. పుల్ల మార్చినంత మాత్రాన యాంటెన్నా మార్చినట్టు కాదు. పైకి కనిపించే పుల్ల సగం. బండి రేకు మిగతా సగం. ఎఫ్‌ఎం 100 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు 3 మీటర్లు, అందులో పావు వంతు 75 సెంటీమీటర్లు. పుల్లను అంత ఎత్తుకు లాగితే చాలు, కానీ దాని కిందుండే రేకు కేబుల్ లోహపు తొడుగుకు గట్టిగా అంటుకుని ఉండాలి. అంటకపోతే పుల్ల గాలిలో ఒంటరిగా నిలబడ్డట్టే.

మీడియం వేవ్ సంగతి వేరు. 837 కిలోహెర్ట్జ్ తరంగం పొడవు దాదాపు 358 మీటర్లు. దాని ముందు మీ పుల్ల గడ్డిపోచ. అది 10 పికోఫారడ్ల (కెపాసిటర్ల కొలత) చిన్న కెపాసిటర్‌లా (విద్యుత్తును దాచుకునే భాగం) పనిచేస్తుంది, పట్టిన కాస్త సిగ్నల్‌ను కేబుల్‌తో పంచుకోవాలి. కారు యాంటెన్నాకు వచ్చే కేబుల్‌లో లోపలి తీగ జుట్టులా సన్నగా, బోలు గొట్టంలో వదులుగా ఉంటుంది. మీటరుకు 30 పికోఫారడ్ల వరకే మింగుతుంది. టీవీ కేబుల్ 50 నుంచి 70 దాకా మింగేస్తుంది. మీటరున్నర కేబుల్ మీద లెక్క వేస్తే, సెట్టుకు చేరేది సగానికి పడిపోయినట్టే. ఎఫ్‌ఎంలో ఇది పెద్దగా తెలియదు, అందుకే విజయవాడ వైపు మీకు అంతా బాగున్నట్టే అనిపిస్తోంది.

పానా పట్టుకునే ముందు మల్టీమీటర్‌తో మూడు కొలతలు తీయండి. స్టీరియో వెనక నుంచి యాంటెన్నా పిన్ను ఊడదీశాకే కొలవాలి. ఒకటి, పుల్ల కొన నుంచి పిన్ను మధ్య ముల్లుకు: 1 ఓమ్ లోపే రావాలి. ఊగుతూ వస్తే కణుపుల మధ్య తుప్పు. రెండు, పిన్ను బయటి గొట్టం నుంచి బ్యాటరీ మైనస్‌కు: ఇదీ 1 ఓమ్ లోపే. మూడు, ముల్లుకూ గొట్టానికీ మధ్య: మీటరు ఏమీ చూపకూడదు. ఏదైనా చూపితే యాంటెన్నా అడుగున నీరు చేరిందన్న మాట, లేదా కేబుల్ ఎక్కడో నలిగింది. మీ బండిలో రెండో కొలతే తప్పుతుందని మా అంచనా. (లోపల సిగ్నల్‌ను పెంచే బూస్టర్ ఉన్న యాంటెన్నాలకు ఈ లెక్కలు పనికిరావు.)

ఇక విప్పడం. బ్యాటరీ మైనస్ తీసేయండి. కోడ్ అడిగే స్టీరియో అయితే ఆ అంకె ముందే రాసిపెట్టుకోండి. ముందు చక్రాన్ని ఎడమవైపుకు పూర్తిగా తిప్పితే మడ్‌గార్డు లోపలికి వెనక నుంచి చేయి పోతుంది. స్టీరియో దగ్గర కేబుల్ పిన్నుకు రెండు మీటర్ల గట్టి పురికొస కట్టి టేపు చుట్టండి. అప్పుడు పాత కేబుల్‌ను బయటికి లాగితే పురికొస దాని దారిలోనే వచ్చి కూర్చుంటుంది. కొత్త కేబుల్‌ను దానికి కట్టి వెనక్కి లాగితే డాష్‌బోర్డు విప్పకుండా పని అయిపోతుంది. ఇది చేయకుండా పాత కేబుల్ పీకేసినవాళ్లు ఒక పూటంతా చీకట్లో వేళ్లు కోసుకుంటారు.

ఇప్పుడు అసలు పని. రంధ్రం చుట్టూ రేకు అడుగు భాగాన్ని వేలితో తడమండి. మట్టి, పాత అండర్‌కోటు, దాని కింద పొరలుగా లేచే తుప్పు. అడుగున వచ్చే వాషర్‌కు రంపపు పళ్లలాంటివి ఉంటాయి, అవి రేకును కొరికితేనే ఎర్త్ (బండి రేకుతో కలయిక) దొరుకుతుంది. ఆ వాషర్ కూర్చునేంత మేర, అంచున మరో రెండు మిల్లీమీటర్లు కలిపి, ఎమరీ కాగితంతో మెరిసే రేకు కనిపించేదాకా రుద్దండి. పైభాగం మాత్రం ముట్టుకోవద్దు. అక్కడ రబ్బరు కూర్చుంటుంది, పెయింటు పోతే తుప్పు మొదలయ్యేది అక్కడే. మెరిసిన చోట వ్యాసెలిన్ పలచగా రాసి బిగించండి. వాషర్ పళ్లు దాన్ని చీల్చుకుని రేకును పట్టుకుంటాయి, నీరు మాత్రం చేరదు. బిగించేటప్పుడు పుల్లను పట్టి తిప్పవద్దు. కిందుండే ప్లాస్టిక్ పగిలిందంటే కొత్తది అప్పటికప్పుడే పాతదైపోతుంది.

కొనేటప్పుడు రంధ్రం వ్యాసం కొలుచుకుని వెళ్లండి. పెద్ద రంధ్రానికి చిన్న బేసు వేసి వాషర్లు పేర్చడం కంటే సరిపడేది వెతకడం మేలు. కేబుల్ పొడవూ చూడండి, స్టీరియో దాకా చేరి అర అడుగు మిగలాలి. చాలకపోతే రెండు కొసలా పిన్నూ సాకెట్టూ ఉన్న కారు యాంటెన్నా ఎక్స్‌టెన్షన్ కేబులే వాడండి. తీగలు మెలిపెట్టి టేపు చుట్టే అతుకు వద్దు.

కేబుల్ కారులోకి దూరే రబ్బరు బుషింగ్ ముందు దాన్ని కిందికి చిన్న వంపు తిప్పి వదలండి. వాన నీరు కేబుల్ వెంట జారి ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. వంపు లేకపోతే వర్షాకాలంలో ముందు సీటు కాళ్ల దగ్గర చాప తడుస్తుంది, మీరేమో తలుపు రబ్బరు అనుమానించి మారుస్తారు.

చివరగా, పాత సెట్లకు యాంటెన్నా సాకెట్ పక్కన చిన్న రంధ్రంలో ఒక స్క్రూ ఉంటుంది. అది మీడియం వేవ్ ట్రిమ్మర్, అంటే సెట్టును యాంటెన్నాకు సరిపెట్టే స్క్రూ. యాంటెన్నా మార్చాక 1400 కిలోహెర్ట్జ్ దగ్గర బలహీనంగా వచ్చే స్టేషన్ పెట్టి, ఆ స్క్రూను మెల్లగా తిప్పుతూ శబ్దం ఎక్కువయ్యే చోట ఆపండి. డిజిటల్ సెట్లలో చాలావాటికి ఇది ఉండదు.

ప్రశ్న: కారు కడిగించుకుంటే సాంట్రో పైకప్పు మీది పొట్టి యాంటెన్నా విరిగింది. మర ముక్క బేసులోనే ఇరుక్కుంది. మొత్తం బేసు మార్చాలంటున్నారు. – కరీంనగర్ పాఠకురాలు

జవాబు: ముందే ఒప్పుకోకండి. మర ముక్క కొంచెమైనా బయటికి ఉంటే సన్నటి నోస్ ప్లయర్‌తో పట్టి ఎడమవైపుకు తిప్పితే వస్తుంది. లోపలే ఉంటే పాత హాక్సా బ్లేడు ముక్కతో దాని తలపై చిన్న గాడి కోసి, చదును స్క్రూడ్రైవర్‌తో తిప్పండి. రాత్రే రెండు చుక్కల తుప్పు వదిలించే నూనె వేసి ఉంచితే తేలిక. టార్చ్‌తో వేడి చేయవద్దు, బేసు ప్లాస్టిక్. డ్రిల్లుతో లోతుగా పోవద్దు, కొన్ని బేసుల్లో అడుగునే బూస్టర్ సర్క్యూట్ ఉంటుంది. కొత్త పుల్లకు మర సాధారణంగా 5 లేదా 6 మిల్లీమీటర్లు. విరిగిన ముక్కను షాపుకు తీసుకెళ్లి సరిపోల్చుకుంటే తిరిగి వెళ్లే పని ఉండదు. ఈసారి మెషీన్‌లో కడిగించే ముందు పుల్ల విప్పి డాష్‌బోర్డులో పడేయండి.

ప్రశ్న: షార్క్ ఫిన్ (సొరచేప రెక్క ఆకారపు యాంటెన్నా) అంటించుకున్నాక ఎఫ్‌ఎం తగ్గింది. ఎందుకు? – నిజామాబాద్ పాఠకుడు

జవాబు: కింద డబుల్ టేపు తప్ప తీగ లేనిది ఉత్త అలంకారం. పాత పుల్ల తీసేసి అది పెట్టారంటే మీ కారుకు ఇప్పుడు యాంటెన్నాయే లేదు. తీగ ఉన్నదైనా లోపలి లోహం కురచ, బూస్టర్ లేకుండా నడవదు. ఆ బూస్టర్‌కు 12 వోల్టులు కావాలి, స్టీరియో వెనకుండే నీలం తీగకు కలపాలి. నీలం మీద తెల్ల గీత ఉన్నది యాంప్లిఫైయర్‌కు. పాత పుల్ల ఇంకా దాచి ఉంటే తిరిగి బిగించుకోండి, అందం కాస్త తగ్గుతుంది, పాటలు వస్తాయి.

ప్రశ్న: విరిగిన చోట ఇనుప తీగ గుచ్చి నడిపిస్తున్నాను. నష్టమా? – అనంతపురం పాఠకుడు

జవాబు: ఎఫ్‌ఎం వరకు ఫరవాలేదు. తీగ 75 సెంటీమీటర్లు ఉండాలి, మిగిలిన కణుపుకు గట్టిగా అంటాలి, రేకుకు తగలకూడదు. తగిలితే రేడియో మూగబోతుంది. కొనను గుండ్రంగా వంచండి, పక్కన నడిచే పిల్లల కంటి ఎత్తులో ఉంటుంది అది.

ప్రశ్న: ఇంజిన్ రేసు చేస్తే రేడియోలో ఈల కూడా పెరుగుతోంది. యాంటెన్నా కొత్తదే. – రాజమహేంద్రవరం పాఠకుడు

జవాబు: బండి ఆపి, ఇంజిన్ నడుస్తుండగా యాంటెన్నా పిన్ను ఊడదీసి చూడండి. ఈల అలాగే ఉంటే అది కరెంటు తీగల ద్వారా వస్తోంది: ఆల్టర్నేటర్, లేదా సెట్టు ఎర్త్ తీగ వదులు. ఈల ఆగిపోతే యాంటెన్నా దారినే వస్తోంది, పైన మారుతి జవాబులో చెప్పిన రెండో కొలత, అంటే ఎర్త్ కొలత తీయండి. ఈల కాకుండా టకటకమంటే స్పార్క్ ప్లగ్గుల మీద ఆర్ అక్షరం ఉందో లేదో చూడండి, అది లేనివి రేడియోకు శత్రువులు. ఇవన్నీ చేసే ముందు మాత్రం సిగరెట్ లైటర్‌లో పెట్టిన ఫోన్ చార్జర్ ఒకసారి పీకండి.