మేనేజర్ రాజీనామా రాయమంటున్నాడు, రాయాలా?

ప్రశ్న: ప్రైవేటు కంపెనీలో పనిచేస్తున్నాను. కొత్తగా వచ్చిన మేనేజర్ మీటింగుల్లో అందరి ముందు ‘నీకు బుర్ర లేదు’ అంటాడు. నోటితో పని చెప్పి, మర్నాడు తాను చెప్పనే లేదంటాడు. ఇప్పుడు ‘నువ్వే రాజీనామా రాసెయ్, లేకపోతే ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఎలా వస్తుందో చూస్తా’ అని బెదిరిస్తున్నాడు. పోలీసు కేసు పెట్టవచ్చా? – ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు ఆ రాజీనామా రాయకండి. ‘వ్యక్తిగత కారణాల వల్ల’ అని మీ చేత్తో రాసిచ్చాక, ఒత్తిడి తెచ్చి రాయించారని నిరూపించే భారం మీ మీదే పడుతుంది. బలవంతంతో తీసుకున్న సమ్మతిని రద్దు చేయించుకునే వీలు 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో ఉంది. కానీ ఆధారాలు లేకుండా ఆ వాదన నెగ్గడం చాలా కష్టం.

తిట్టాడన్న ఒక్క కారణంతో పోలీసు కేసు నిలవదు. విధుల విషయంలో పై అధికారి మందలించడం పాత ఐపీసీలో ఉద్దేశపూర్వక అవమానానికి సంబంధించిన 504 సెక్షన్ కింద నేరం కాదని 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. ఇప్పుడు అదే భారతీయ న్యాయ సంహిత 352వ సెక్షన్. అయితే పరువు తీస్తానని బెదిరించి రాజీనామా రాయించబోవడం వేరు. దానికి అదే సంహితలో నేరపూరిత బెదిరింపుకు సంబంధించిన 351వ సెక్షన్ కింద వాదన ఉంది, సాక్ష్యం దొరికితేనే.

పనిలో తప్పు చూపిస్తే మందలింపు. పని వదిలేసి మనిషిని కించపరుస్తూ పోతే వేధింపు. మీరు రాసినవాటిలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది బుర్ర లేదన్న మాట కాదు, చెప్పింది చెప్పలేదనడం. నోటిమాటకు రుజువు ఉండదన్న ధైర్యంతోనే ఇలాంటివాళ్లు ఆడుకుంటారు. కాబట్టి ఆయన పని చెప్పిన ప్రతిసారీ వెంటనే మర్యాదగా ఒక మెయిల్ పెట్టండి: ‘ఇందాక మీరు చెప్పినట్టు ఫలానా పని మొదలుపెడుతున్నాను. మార్పులుంటే తెలియజేయండి.’ ఆయన జవాబివ్వకపోయినా అది రికార్డే. అవమానించిన రోజున తేదీ, సమయం, అన్న మాటలు అన్నట్టుగానే, పక్కన ఎవరున్నారో రాసుకోండి. వాట్సాప్ మెసేజులు స్క్రీన్‌షాట్ తీశాం కదా అని చెరిపేయకండి. ఆఫీసు రహస్య ఫైళ్లు మాత్రం సొంత మెయిల్‌కి పంపుకోవద్దు, మిమ్మల్ని తొలగించడానికి వాళ్లకు అదొక్కటి చాలు.

తర్వాత హెచ్‌ఆర్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. ‘ఆయన మంచివాడు కాదు’ అని రాస్తే పక్కన పడేస్తారు, తేదీలతో మూడు సంఘటనలు రాస్తే జవాబు చెప్పక తప్పదు. ఆయన మాటల్లో, చేతల్లో లైంగిక ధోరణి ఏమాత్రం ఉన్నా దారి వేరు. పనిచోట మహిళలపై లైంగిక వేధింపులను అరికట్టే 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకు మించి ఉద్యోగులున్న చోట అంతర్గత కమిటీ ఉండాలి. ఘటన జరిగిన 3 నెలల్లోపు దానికి ఫిర్యాదు చేయాలి. కారణం చూపితే కమిటీ మరో 3 నెలలు గడువివ్వవచ్చు.

నిద్ర పట్టకపోవడం, ఆఫీసంటేనే గుండెదడ రావడం ఉంటే ఆలస్యం చేయకుండా డాక్టరును కలవండి. మీ ఆరోగ్యం ముందు, కేసు తర్వాత. అక్కడ ఉండలేనని మీరే నిర్ణయించుకుంటే వెళ్లిపోవడంలో తప్పు లేదు. అప్పుడు కూడా లేఖలో అసలు కారణం, మీరు చేసిన ఫిర్యాదు తేదీ రాయండి, నోటీసు గడువు పాటించండి. అపాయింట్‌మెంట్ లెటరు, జీతం స్లిప్పుల కాపీలు ముందే మీ దగ్గర ఉంచుకోండి.